అంబాసిడర్‌కి వెడల్పాటి తెల్లపట్టీ: రింగా, పెయింటా, గీకడమా? ఏది మేలు?

అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో పాతకాలం తెల్లపట్టీ టైర్లు (పక్కన చుట్టూ తెల్లటి పట్టీ ఉండేవి) వేయాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో బాగానే ఉన్నారు. అందరూ మొదట అడిగేది మాత్రం "ఏ పెయింటు వాడాలి?" అనే. పెయింటు సంగతి తర్వాత, ముందు కారు కింద ఉన్న టైరు ఏదో చూడండి. నా మాట సూటిగా చెప్తాను: పాత పద్ధతి, పక్కలు గట్టిగా ఉండే నైలాన్ టైరైతే తెల్ల రబ్బరు రింగు వేయండి, పక్కలు మెత్తగా ఉండే రేడియల్ అయితే పెయింటు వేయండి, లోపలి తెలుపు కోసం టైరు గీకే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఎందుకో తెలియాలంటే ఆ తెలుపు అసలు ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త తెలియాలి.

తొలినాళ్లలో టైరు మొత్తం తెల్లగానే ఉండేది, రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపేవాళ్లు కాబట్టి. 1910ల నుంచి కార్బన్ బ్లాక్ (మసిలాంటి నల్ల పొడి) కలపడం పెరిగింది, దాంతో రబ్బరు గట్టిపడి అరుగుదల బాగా తగ్గింది. నేలకు ఆనే ట్రెడ్‌కే నలుపు కలిపి పక్కలు తెల్లగా వదిలేసిన టైర్లతో తెల్లపట్టీ మొదలైంది. 1930ల నుంచి 50ల దాకా అమెరికాలో వెడల్పు పట్టీ అంటే హోదా, 60ల మొదట్లోకి వచ్చేసరికి అది సన్నటి గీతగా మారిపోయింది. కంపెనీ నుంచి వచ్చే తెల్లపట్టీ టైరులో ఇప్పటికీ సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) లోపల తెల్ల రబ్బరు పొర విడిగా ఉంటుంది. నల్ల రబ్బరులోని నూనెలు, రసాయనాలు తెలుపులోకి ఊరి మరకలు చేయకుండా, మరక పట్టని రకం రబ్బరుతో చేస్తారు. పైన పలచటి నల్ల పొర వేసి, చివర్లో దాన్ని మెషిన్‌తో బఫింగ్ చేసి తీసేస్తే తెలుపు బయటపడుతుంది.

గీకుడు సలహా పుట్టింది ఇక్కడి నుంచే. లోపల తెలుపు ఉన్న టైరు, అంటే సన్నటి తెల్లగీత ఉన్నదో తెల్ల అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నదో అయితే గీకితే ఎంతో కొంత తెలుపు వస్తుంది. మామూలు నల్ల టైరులో ఎంత గీకినా నలుపే. ఆ నలుపు కింద కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే టైరును మోసే దారాల పొర ఉంటుంది. రేడియల్‌కి పక్కల్లో అలాంటి పొర ఒకటో రెండో, అంతే. చేతి గ్రైండర్ ఒక్క చోట కాస్త ఎక్కువసేపు ఆగిందంటే దారం బయటపడుతుంది, ఇక ఆ టైరు పనికిరాదు. దారం కనిపించకపోయినా పలచబడ్డ పక్కతో మే నెలలో, నలభై డిగ్రీలు దాటిన ఎండలో, నలుగురిని కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం ప్రాణాలతో చెలగాటమే. అందం కోసం టైరు బలం తగ్గించే పనిని నేను ఏ రకంగానూ సమర్థించను.

ఇక రింగు. ఇది డిస్క్‌కీ (చక్రం ఇనుప భాగం) టైరుకీ మధ్య ఇరికించే తెల్ల రబ్బరు చక్రం. దాని లోపలి అంచు డిస్క్ పెదవి కింద పట్టుకుంటుంది, బయటి అంచు సైడ్‌వాల్ మీద ఒట్టిగా ఆని ఉంటుంది. అంబాసిడర్ అసలు సైజు 5.90-15, పద్మినిది 5.20-14, రెండూ ట్యూబు టైర్లే. కాబట్టి రింగు వల్ల గాలి దిగిపోతుందన్న టెన్షన్ ఉండదు, కానీ ట్యూబ్‌లెస్‌కి మార్చుకుని ఉంటే రింగు లోపలికి జారి బీడింగ్ (టైరు లోపలి అంచు) కూర్చునే చోట ఇరుక్కోకుండా చూసుకోవాలి. నైలాన్ టైరు పక్కలు గట్టిగా ఉంటాయి, తిరిగేటప్పుడు పెద్దగా ఉబ్బవు, అందుకే రింగు కదలకుండా కూర్చుంటుంది. రేడియల్ పక్కలు ప్రతి చుట్టుకీ మెత్తగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. రింగు దాని మీద రాసుకుంటూనే ఉంటుంది, పైగా మన వానాకాలం బురద, ఇసుక ఆ సందులోకి దూరితే సాండ్ పేపర్ పెట్టి రుద్దినట్టే, కొన్నాళ్లకు సైడ్‌వాల్ చుట్టూ గాడి పడుతుంది. వేగం పెరిగితే అంచు లేచి టపటపా కొట్టుకుంటుంది కూడా.

రింగు ఇంట్లోనే కోసుకోవచ్చా అంటే, కోయొచ్చు. రాణిగంజ్‌లో తెల్ల రబ్బరు షీటు తెచ్చి గుండ్రంగా కోసినవాళ్లున్నారు. చిక్కెక్కడంటే షీటు చదునుగా ఉంటుంది, టైరు పక్క ఉబ్బుగా ఉంటుంది. అచ్చు పోసిన రింగు టైరు ఒంపుకు తగ్గట్టు పళ్లెంలా వంగి, బయటి అంచుకు వచ్చేసరికి పలచబడుతుంది కాబట్టి గాలి దాని కిందికి దూరదు. కోసిన షీటుకు ఆ ఒంపూ ఉండదు, అంచు కూడా మొద్దుగానే ఉంటుంది. పెళ్లి ఊరేగింపుకో ప్రదర్శనలో నిలబెట్టడానికో అయితే పర్వాలేదు, రోజూ నడిపే కారుకైతే అచ్చు పోసినవే కొనండి. పంక్చర్ సొల్యూషన్‌తో షీటును టైరుకు అంటించమని కూడా కొందరు చెప్తారు. సైడ్‌వాల్ వంగిన ప్రతిసారీ ఆ అతుకు లాగబడుతుంది, ఎండకు మెత్తబడుతుంది, చివరికి నడుస్తున్న చక్రం మీదే ఊడొస్తుంది. వద్దు.

బిగించేటప్పుడు పంక్చర్ షాపు భాయ్‌కి రెండు విషయాలు ముందే చెప్పండి. టైరు లివర్ (టైరు ఎత్తే ఇనుప కడ్డీ) రింగు అంచు మీద పెట్టకూడదు, నలిగిన చోటే తర్వాత చిరుగుతుంది. బ్యాలెన్సింగ్ బరువులు డిస్క్ బయటి పెదవికి కొట్టకూడదు, అవి రింగును ఎత్తేస్తాయి, లోపలి వైపు అంటించే రకం వాడమనండి. రింగు వెనక కాస్త టాల్కం పౌడర్ చల్లితే రాపిడి తగ్గుతుంది.

రేడియల్ వాళ్లకు మిగిలింది పెయింటు, అది చిన్నచూపు చూడాల్సిన దారేం కాదు. మామూలు ఎనామిల్ మాత్రం వేయకండి, అది గట్టిపడి త్వరలోనే పగులుతుంది. స్విమ్మింగ్ పూల్స్‌కి వాడే క్లోరినేటెడ్ రబ్బరు పెయింటు, లేదా టైర్ల కోసమే వచ్చే రబ్బరు పెయింటు తీసుకోండి, దేని థిన్నర్ దానికే వాడండి. అసలు పనంతా పెయింటుకు ముందే ఉంది. టైరు పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, అది ఒక్క చుక్క మిగిలినా పెయింటు పట్టదు. బట్టల సబ్బు, గట్టి బ్రష్షుతో నురుగు తెల్లగా వచ్చేదాకా తోమి ఆరబెట్టి, 120 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, థిన్నర్‌తో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. థిన్నర్ పోసి నానబెడితే రబ్బరే పాడవుతుంది. పలచటి కోట్లు, ఒకటి ఆరాక ఇంకొకటి. గీత గుండ్రంగా రావాలంటే కారును స్టాండు మీద పెట్టి ముందు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బ్రష్షును ఏదైనా స్టూలుకు ఆనించి కదలకుండా పట్టుకోండి. వెనక చక్రాలను కూడా ముందుకు తెచ్చి ఇలాగే చేయొచ్చు. ఇంజన్ ఆన్ చేసి చక్రం తిప్పే పని మాత్రం వద్దే వద్దు.

దీని లోపం ఏంటంటే కొన్ని నెలలకు గోధుమరంగు తిరుగుతుంది. ఎండకు, ఓజోన్‌కు రబ్బరు పగలకుండా టైరులో కలిపే మందులు మెల్లగా పైకి ఊరుతూనే ఉంటాయి, మన పెయింటు కింద ఆపే పొర లేదు కదా. కాబట్టి ఏటా వానలు తగ్గాక ఒక కోటు వేయాల్సిందే. ఆ ఓపిక ఉన్నవాళ్లకే పెయింటు.

డబ్బు ఉంటే నాలుగో దారి కూడా ఉంది: అమెరికాలో చట్టనూగాలోని 1958లో మొదలైన కోకర్ టైర్ కంపెనీ పాత కార్ల టైర్లు అమ్ముతోంది, అసలైన వెడల్పు పట్టీ కంపెనీలోనే వచ్చేస్తుంది. రవాణా, కస్టమ్స్ కలిపితే చాలా ఖర్చు. ప్రతి నట్టూ అప్పటిదే ఉండాలనుకుని పూర్తిగా బాగు చేసిన కారుకైతే సబబే, ఆదివారం ట్యాంక్‌బండ్ చుట్టి వచ్చే కారుకు అవసరం లేదు.

పట్టీ ఎంత వెడల్పుండాలి? నా కంటికి అంబాసిడర్‌కి రెండున్నర అంగుళాలు, పద్మినికి రెండు. అంతకు మించితే చక్రం చిన్నదిగా కనిపిస్తుంది, అబిడ్స్‌లో ఫుట్‌పాత్ రాళ్లకు రాసుకోవడం కూడా ఎక్కువవుతుంది. ఏది వేసినా కడగడానికి సబ్బు, మెత్తటి నైలాన్ బ్రష్షు చాలు. బ్లీచింగ్ నీళ్లు రబ్బరును ఎండబెడతాయి, టైరు పాలిష్ తెలుపును పాడుచేస్తుంది. ఇంకొకటి, టైరు మీద నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. పదేళ్లు దాటిన టైరు మీద ఏ పట్టీ వేసినా దండగే, ముందు టైర్లు మార్చండి. పనిలో పనిగా స్టెప్నీకి కూడా వేయించుకోండి, లేకపోతే పంక్చర్ పడ్డ రోజు మూడు తెల్ల చక్రాలు, ఒక నల్ల చక్రంతో ఇంటికి రావాల్సి వస్తుంది.