సింగపూర్ నైట్ రేస్: టికెట్ కన్నా ముందు రూమ్ చూసుకోండి

టికెట్లు దొరికాయన్న సంబరంలో రూమ్ సంగతి రెండు నెలలు పక్కన పెట్టాం, మేం చేసిన పెద్ద తప్పు అదే. 2024 సెప్టెంబరు 20 నుంచి 22 దాకా సింగపూర్ గ్రాండ్ ప్రి, అంటే ఫార్ములా వన్ కార్ల రేస్. ఆ మూడు రోజులకి మరీనా బే హోటళ్ల రేట్లు చూసి, సర్క్యూట్ పక్కనే ఉండాలని పట్టుబట్టిన మా బావమరిది కూడా ఇంక మాట్లాడలేదు.

చివరికి లిటిల్ ఇండియాలో ఒక గది దొరికింది. ఇద్దరం ఒకేసారి నిలబడలేం, పైగా ఏసీ నీళ్లు మంచం మీదే కారేవి, చెప్తే బకెట్ ఇచ్చి వెళ్లారు. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే దిగుతాను, ఆ గదిలో మాత్రం కాదు. డౌన్‌టౌన్ లైన్ రైలెక్కితే రోచోర్, బూగిస్, ఆ తర్వాతదే ప్రోమెనాడ్, దిగితే సర్క్యూట్. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. పొద్దున్నే సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, దోశ. పక్కనే రేస్ కోర్స్ రోడ్ అని ఒక వీధి ఉంది, అది ఒకప్పటి గుర్రప్పందేలది, మావాడు దాని బోర్డు కింద కూడా ఫొటో దిగాడు.

వీసా ముందే తీసుకోవాలి. అరైవల్ కార్డు మాత్రం దిగేముందు మూడు రోజుల్లో ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా నింపుకోవచ్చు, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.

ఇక టికెట్. మేం తీసుకున్నది వాకబౌట్, అంటే సీటు ఉండదు, తిరుగుతూ చూడాలి. శుక్ర, శనివారాలు అది భలే ఉంది, సాయంత్రం 5:30కి ప్రాక్టీసు, రాత్రి 9కి శుక్రవారమైతే రెండో ప్రాక్టీసు, శనివారమైతే రేస్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్, మధ్యలో ఎన్ని మలుపుల దగ్గరికైనా వెళ్లి రావచ్చు. ఆదివారం కథ వేరు. మంచి చోటు కావాలని మధ్యాహ్నం నుంచే కంచె పట్టుకుని నిలబడ్డాం, రేస్ రాత్రి 8కి. విశాఖ ఉక్కపోతకి అలవాటుపడ్డ ఒళ్లే అయినా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మొత్తం 62 ల్యాపులు, అంటే చుట్లు, ఒక్కో చుట్టులో మా ముందు నుంచి కారు పోయేది రెండు క్షణాలు, మిగతాదంతా పెద్ద తెర మీదే. మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్ 20 సెకన్లకి పైగా తేడాతో గెలిచాడు, గోడని రెండుసార్లు రాసుకుపోయాడని కూడా తెర చెప్తేనే తెలిసింది. ప్రమాదం జరిగినప్పుడు రేస్ కార్ల ముందుకొచ్చి వేగం తగ్గించేది సేఫ్టీ కార్, సింగపూర్‌లో అది రాకుండా ముగిసిన మొదటి రేస్ అది, అంటే ఇంకో రకంగా చెప్పాలంటే కాస్త నీరసంగా సాగింది. అందుకే మొదటి రెండు రోజులు వాకబౌట్, ఆదివారం ఒక్కరోజుకి గ్రాండ్‌స్టాండ్ సీటు, ఇలా విడివిడిగా కొనుక్కోమంటాను.

అయిపోగానే ప్రోమెనాడ్ స్టేషన్‌కి వెళ్లకండి. అక్కడ జనం కదలట్లేదని మేం బూగిస్ దాకా నడిచి రైలెక్కాం. దారంతా మావాడు చివర్లో డ్రైవర్ రికియార్డో కొట్టిన ఫాస్టెస్ట్ ల్యాప్ గురించే మాట్లాడాడు. అతనికి అదే ఆఖరి రేస్ అన్న కబురు మేం విశాఖలో దిగాక వచ్చింది.