టెనెరీఫ్‌లో ఫ్లాట్ కొంటున్నారా? బయానా పంపే ముందు ఆగండి

స్పెయిన్ కానరీ దీవుల్లో సెలవుల ఇల్లు కొనాలని చూస్తున్న మనవాళ్ళకు ఈ హెచ్చరిక. ముఖ్యంగా టెనెరీఫ్ దక్షిణ తీరాన, లాస్ అమెరికాస్, లాస్ క్రిస్తియానోస్, కోస్టా అడెహె వైపు చూస్తున్నవాళ్ళు పూర్తిగా చదవండి. "మీరు లేనప్పుడు టూరిస్టులకు అద్దెకు ఇచ్చుకోండి, లోన్ వాయిదా అదే కట్టేస్తుంది" అని అక్కడ ఏజెంట్లు చెబుతారు. మునిగేది ఆ మాట నమ్మే.

దక్షిణ తీరంలోని చాలా కాంప్లెక్సులు టూరిజం కోసం కేటాయించిన స్థలంలో కట్టినవి. ఫ్లాట్ మీ పేరున రిజిస్టర్ అవుతుంది, తాళం మీ చేతికొస్తుంది. అయినా టూరిస్టులకు మీ అంతట మీరు అద్దెకు ఇవ్వడం కుదరదు. 1995 నాటి కానరీ టూరిజం చట్టం ప్రకారం అలాంటి కాంప్లెక్సు మొత్తాన్నీ ఒకే సంస్థ నడపాలి. దాన్ని పక్కనపెట్టి ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే జరిమానా నోటీసు వస్తుంది. కొన్నిచోట్ల ఓనరే ఏడాది పొడవునా కాపురం ఉన్నా అభ్యంతరం రావచ్చు.

మామూలు నివాస భవనంలో కొంటే గొడవ ఉండదనుకోకండి. 2025 ఏప్రిల్ 3 నుంచి, కొత్తగా టూరిస్టు అద్దె మొదలుపెట్టాలంటే ఓనర్ల అసోసియేషన్‌లో ఐదింట మూడు వంతుల మెజారిటీతో ముందే అనుమతి తీసుకోవాలి. పాత ఓనరు అద్దెకు ఇస్తున్నాడు కాబట్టి మనకూ చెల్లుతుందని అనుకోవద్దు. కాబట్టి ఏజెంటు నోటిమాట వదిలేసి మూడు కాగితాలు అడగండి: ఆ స్థలం ఏ వాడకానికి ఉందో చెప్పే మున్సిపాలిటీ సర్టిఫికెట్, అసోసియేషన్ నియమావళి, గత మూడేళ్ళ మీటింగుల మినిట్స్. మినిట్స్ స్పానిష్‌లోనే ఉంటాయి. వాటిని అనువాదం చేయించుకుని చదవండి, ఆ ఖర్చుకు వెనకాడవద్దు. లిఫ్టు గొడవ, నీళ్ళ లీకు, కోర్టు కేసు, రాబోయే ప్రత్యేక వసూళ్ళు అన్నీ వాటిలోనే బయటపడతాయి.

ఆ ప్రత్యేక వసూలును అక్కడ 'దెర్రామా' అంటారు. డెబ్బైలు, ఎనభైల్లో కట్టిన తీరప్రాంత భవనాల్లో ఇది పెద్ద భారం. ఉప్పుగాలికి స్లాబులోని చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఫ్లాట్ చూడటానికి వెళ్ళినప్పుడు మీ బాల్కనీలో నిలబడి సముద్రం చూసి వచ్చేయకండి. తల ఎత్తి పై అంతస్తు బాల్కనీ అడుగుభాగం చూడండి. గోధుమరంగు చారలు, చువ్వ పోయిన దారి వెంబడి సన్నటి పగుళ్ళు, కొత్తగా పూసిన సిమెంటు అతుకులు కనిపిస్తే రిపేరు ఖర్చు ఎవరి మీద పడుతుందో అడగండి. వసూలుకు తీర్మానం మీరు కొనకముందే అయినా, వాయిదా గడువు కొన్న తర్వాత పడితే సాధారణంగా కట్టాల్సింది కొత్త ఓనరే. అమ్మకందారే భరించాలని అగ్రిమెంటులో రాయించుకోండి.

ఇక బయానా సంగతి. ముందు రిజర్వేషన్ పేరుతో కొన్ని వేల యూరోలు, తర్వాత 'అర్రాస్' అనే బయానా ఒప్పందం కింద సాధారణంగా ధరలో పది శాతం అడుగుతారు. స్పెయిన్ సివిల్ కోడ్ 1454 ప్రకారం కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. అది 'పెనిటెన్సియాలెస్' (బయానా వదులుకుని వెనక్కి తగ్గే) రకమని ఒప్పందంలో స్పష్టంగా రాస్తేనే ఈ హక్కు గట్టిగా నిలుస్తుంది. లోన్ మీద ఆధారపడేవాళ్ళకు మరో గండం ఉంది. బ్యాంకు వాల్యుయేషన్ తక్కువొచ్చి లోన్ రాకపోతే అది మీరు వెనక్కి తగ్గినట్టే లెక్క. లోన్ రాకుంటే బయానా తిరిగివ్వాలన్న షరతు లేని కాగితం మీద సంతకం చేయకండి.

పైసా కదిలించకముందే 'నోటా సింప్లె' తెప్పించుకోండి. మన ఈసీ లాంటిదే, ఆన్‌లైన్‌లో పదిహేను యూరోల లోపే వస్తుంది. ఓనరెవరు, తాకట్టు ఉందా, కోర్టు అటాచ్‌మెంటు ఉందా అన్నీ దానిలో ఉంటాయి. దానిలోని విస్తీర్ణాన్ని కతాస్త్రో (ప్రభుత్వ భూమి, ఇళ్ళ కొలతల) రికార్డుతో, మీ టేపు కొలతతో పోల్చండి. అద్దాలు బిగించి గదిగా మార్చిన బాల్కనీ, డాబా మీద లేపిన అదనపు గది కాగితంలో లేకపోతే వాటికి అనుమతి లేదని అనుమానించాల్సిందే. దస్తావేజులో 'క్వెర్పో సియెర్తో' (కొలతతో పనిలేకుండా మొత్తానికి ఒకే ధర) అన్న మాట ఉంటే, కొలత తగ్గినా ధర తగ్గించమని అడిగే దారి మూసుకున్నట్టే.

దస్తావేజులో ఇంకో వాక్యం కూడా వెతకండి: అసోసియేషన్ బకాయి సర్టిఫికెట్ అవసరం లేదని కొనేవాడు ఒప్పుకున్నట్టు ఉండే వాక్యం. అది ఉంటే కొట్టేయించండి. నడుస్తున్న సంవత్సరం, దాని ముందు మూడేళ్ళ మెయింటెనెన్సు బకాయికి ఫ్లాటే పూచీ. అంటే అది చివరికి మీ నెత్తిన పడుతుంది. ఆస్తి పన్ను బకాయిలదీ అదే తీరు, కాబట్టి రసీదులు చూడండి.

అమ్మేవాడు స్పెయిన్ నివాసి కాకపోతే (ఈ తీరంలో ఇది మామూలే) ధరలో 3 శాతం మీరే పట్టుకుని, నెలలోగా మోదెలో 211 ఫారంతో పన్ను శాఖకు కట్టాలి. మన దగ్గర ఎన్నారై అమ్మితే టీడీఎస్ కోసినట్టే. 2,00,000 యూరోల ఫ్లాటుకు 6,000. మర్చిపోతే ఆ పన్నుకు ఫ్లాటే బాధ్యత. 'ప్లస్‌వాలియా' అనే, స్థలం విలువ పెరిగినందుకు వేసే మున్సిపల్ పన్ను కూడా అమ్మేవాడు నివాసి కాకపోతే మీ దగ్గరే వసూలు చేస్తారు. అంచనా వేయించి, ఆ సొమ్ము నోటరీ దగ్గరే మినహాయించుకోండి.

సెకండ్‌హ్యాండ్ ఇంటికి కానరీల్లో బదిలీ పన్ను మామూలుగా 6.5 శాతం, అంటే అదే ఫ్లాటుకు 13,000. 2022 నుంచి ప్రభుత్వ రిఫరెన్సు విలువ మీ ధర కన్నా ఎక్కువుంటే దాని మీదే పన్ను. ఆ విలువ ముందే చూసుకోవచ్చు. లాయరును ఏజెంటు చూపిస్తే వద్దనండి, మీరే వేరుగా పెట్టుకోండి. నోటరీ మీ తరఫు మనిషి కాదు.

ఇల్లు కొంటే రెసిడెన్సీ వస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. 5,00,000 యూరోల గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3నే ముగిసింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు 180 రోజుల్లో 90 మాత్రమే ఉండగలరు. పైగా గ్రామీణ స్థలంలో ఇల్లైతే యూరోపియన్ యూనియన్ బయటి కొనుగోలుదారుకు రక్షణ శాఖ అనుమతి కూడా అవసరం కావచ్చు.

ఇండియా నుంచి డబ్బు పంపేవాళ్ళకు ఎల్ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపేందుకు ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్లే పరిమితి. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) కోస్తుంది. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. అందుకే బయానా గడువు ఒప్పుకునే ముందే ఆ లెక్క వేసుకోండి. తర్వాత ఏటా రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) ఆ ఇంటిని చూపించాలి. చూపకపోతే పది లక్షల జరిమానా పడవచ్చు.