బోరు చేసి మూలన పెట్టిన ఇంజిను: ఇంట్లోనే స్టార్ట్ చేయాలా, షెడ్డుకు లాక్కెళ్లాలా?

చంద్రగిరిలో మా మామ అంబాసిడర్ కారు ఇంజినుకు బోరు చేయించి (అంటే అరిగిన సిలిండర్లను లోపల మళ్లీ తొలిపించి), ఆరేళ్లు చింతచెట్టు కింద వదిలేశాడు. అన్నేళ్లలో బేరింగుల మీది ఆయిలు కిందికి జారిపోతుంది, పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్ గోడకు అంటుకోవచ్చు.

ఖర్చు: ఇంట్లో అయితే ఆయిలు, ఫిల్టరు, బ్యాటరీ. షెడ్డుకైతే వాటి మీద టోయింగు, కూలి.

శ్రమ: ఇంట్లో రెండు రోజులు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి రాత్రంతా నాననివ్వాలి. పొద్దున క్రాంక్ పుల్లీని (ఇంజిను ముందు బెల్టు తిరిగే చక్రం) స్పానర్‌తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాలి. కదిలితే, ప్లగ్గులు పెట్టకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా ఆపి ఆపి సెల్ఫ్ కొట్టాలి. పాత పెట్రోలు మూత తీస్తే వార్నిష్ కంపు, మొత్తం పారబోయాల్సిందే. షెడ్డులో మనకు టీ తాగడమే పని.

రిస్కు: ఇంట్లో మన తొందర. షెడ్డులో కుర్రాడి తొందర. దగ్గర నిలబడకపోతే వచ్చీరాగానే సెల్ఫ్ కొట్టేస్తాడు. తోసి స్టార్ట్ చేయడం ఎక్కడా వద్దు.

పుల్లీ చేత్తో తిరిగితే ఇంట్లోనే కానివ్వండి. రెండు రోజులు నానినా కదలకపోతే స్పానర్‌కు పైపు తగిలించి బలవంతం చేయకండి, తిరుపతి షెడ్డుకు లాక్కెళ్లండి. మామది మూడో రోజు కదిలింది, ఆయన అప్పటికే టోయింగువాడికి ఫోన్ చేసేశాడు.