డెన్మార్క్‌లో ఆర్గానిక్ యాత్ర: ఏది చూడొచ్చు, ఎక్కడ డబ్బు దండగ

డెన్మార్క్‌లో ఆర్గానిక్ వ్యవసాయం చూద్దామని వెళ్లేవాళ్లకు నా మొదటి సలహా ఒకటే. దిగిన సాయంత్రమే నెట్టో, రేమా 1000 లాంటి చవక సూపర్‌మార్కెట్‌లో ఓ అరగంట తిరగండి. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. ఆ దేశంలో ఈ వ్యవహారం ఎంత దూరం వచ్చిందో ఏ ఫామ్ టూర్‌కన్నా బాగా తెలుస్తుంది.

పాల ఫ్రిజ్ దగ్గర నిలబడితే సగం కథ అక్కడే ఉంటుంది. గీత కొట్టిన ఎర్ర 'ఓ' అక్షరం, దాని మీద చిన్న కిరీటం. అదే వాళ్ల ప్రభుత్వ ఆర్గానిక్ ముద్ర. ఆ దేశంలో అమ్ముడయ్యే తాగే పాలలో సుమారు మూడోవంతు ఈ ముద్ర ఉన్నవే. ఓట్స్, క్యారెట్లు, గుడ్లు, అరటిపండ్లు కూడా అంతే. అన్నీ మామూలు సరుకు పక్కనే, అదే అరలో ఉంటాయి. మన నగరాల్లోలా ఏసీ గదిలో గాజు సీసాల్లో పెట్టి మూడింతలు ధర చెప్పరు. కోపెన్‌హాగన్‌లో ఉండే మా పిన్ని కూతురు "అన్నయ్యా, ఆ ఎర్ర గుర్తు చూసి తీసుకో, తేడా రెండు మూడు క్రోనర్లే" అంది. నిజంగానే అంతే ఉంది. క్రోనర్ అంటే మనకు సుమారు పదమూడు పద్నాలుగు రూపాయలు అనుకోండి.

దుకాణాల్లో అమ్మే తిండిలో ఆర్గానిక్ వాటా అక్కడ దాదాపు 12 శాతం. ప్రపంచంలో ఇంత వాటా ఉన్న దేశాలు చాలా అరుదు. ఇది ఒక్కరోజులో రాలేదు. 1987లోనే ఆర్గానిక్ వ్యవసాయానికి ప్రత్యేక చట్టం తెచ్చారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఎర్ర ముద్ర వచ్చింది. 1993లో సూపర్ బ్రూగ్సెన్ అనే సహకార దుకాణాల గొలుసు ఆర్గానిక్ సరుకుల ధరలు తగ్గించి గట్టిగా ప్రచారం చేసింది. అప్పటిదాకా ఏదో కొద్దిమంది కొనేది కాస్తా జనం సరుకైపోయింది. ఇంకో ముఖ్యమైన సంగతి, పొలం తనిఖీ ప్రభుత్వమే చేస్తుంది, రైతు దగ్గర ఫీజు తీసుకోదు. మన దగ్గర ఎగుమతికి పనికొచ్చే సర్టిఫికెట్ కావాలంటే ఆ ఖర్చు ఎక్కువగా రైతు నెత్తినే పడుతుంది. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం లక్షల మంది రైతుల దాకా వెళ్లినా, విజయవాడలో కిరాణా కొట్టుకెళ్లిన మనిషి ఆ పంటను గుర్తుపట్టే దారి ఇంకా సరిగ్గా లేదు. ఆ పాల ఫ్రిజ్ ముందు నాకు ఎక్కువగా తట్టింది ఇదే.

ఇక బస. కోపెన్‌హాగన్‌లో హోటళ్లు ఖరీదు, అందులో దాపరికం ఏమీ లేదు. వెస్టర్‌బ్రో వైపు, సెంట్రల్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం మేలు. గది చిన్నదైనా పర్లేదనుకుంటే ఒక్క విషయం చూసుకోండి. హోటల్ తలుపు దగ్గరో, రెస్టారెంట్ గోడ మీదో కంచు, వెండి, బంగారు రంగుల్లో ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. 2009లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. వంటగది కొనే సరుకులో 30 నుంచి 60 శాతం ఆర్గానిక్ అయితే కంచు, 60 నుంచి 90 అయితే వెండి, ఆపైన బంగారం. అధికారులు లెక్కలు చూసే ఇస్తారు, కాబట్టి మెనూలో రాసుకునే 'నేచురల్', 'గ్రీన్' మాటలకన్నా ఈ బిళ్లను నమ్మొచ్చు. నేను దిగిన హోటల్‌కి వెండి బిళ్ల ఉంది. పొద్దున నల్లటి రై రొట్టె, వెన్న, చీజ్, పెరుగు లాంటి స్కూర్, యాపిల్ జ్యూస్. శాకాహారులకు అది చాలు. సాయంత్రం భోజనానికి మాత్రం అదే హోటల్‌లో కూరగాయలతో ఉన్నది ఒకే ఒక్క ఐటం, ధర చూస్తే ఆకలి చచ్చిపోయింది. బిళ్ల సరుకు గురించి చెబుతుంది గానీ శాకాహారం గురించి ఏమీ చెప్పదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ బిళ్లల అసలు గొప్పతనం హోటళ్లలో కనపడదు, పిల్లల బడుల్లో కనపడుతుంది. కోపెన్‌హాగన్ నగరపాలక సంస్థ తన వంటశాలల్లో, అంటే డేకేర్లు, వృద్ధాశ్రమాలు, బడులు, క్యాంటీన్లలో 90 శాతం ఆర్గానిక్ సరుకు వాడాలని లక్ష్యం పెట్టుకుని దాదాపు అక్కడికి చేరింది. ఖర్చు పెద్దగా పెంచకుండానే చేశారు. మాంసం తగ్గించారు, పప్పులు, దుంపలు పెంచారు, రెడీమేడ్ ప్యాకెట్లు మానేసి అక్కడే వండటం మొదలుపెట్టారు, పారేసే తిండిని తగ్గించారు. వంటవాళ్లకు దీని మీద ట్రైనింగ్ ఇచ్చారు. మా చెల్లి కొడుకు వెళ్లే డేకేర్‌లో ఆ వారం మెనూ గోడకి అంటించి ఉంది. ఎర్ర కందిపప్పు సూప్, క్యారెట్ ముక్కలు, రై రొట్టె, ఒక రోజు చేప. వంటావిడ ఏప్రన్‌తో బయటికొచ్చి పిల్లలకి పచ్చి క్యారెట్లు చేతికిచ్చి వెళ్లింది. టూరిస్టులు చూడటానికి వీలుండదు కాబట్టి దీన్ని యాత్రా స్థలంగా చెప్పలేను, కానీ అక్కడ మీకు చుట్టాలుంటే పిల్లాణ్ని తీసుకురావడానికి వెంట వెళ్లండి.

నోర్‌పోర్ట్ స్టేషన్ పక్కన టోర్వెహాలర్న అని రెండు గాజు హాళ్ల మార్కెట్ ఉంది, 2011లో తెరిచారు. అన్ని గైడ్లూ అక్కడికి పంపిస్తాయి. చూడటానికి బాగుంటుంది, ఒక కాఫీ తాగి వచ్చేయొచ్చు. కూరగాయలు కొనడానికి మాత్రం అనవసరం.

నా యాత్రలో అన్నిటికన్నా బాగున్నది, పైసా ఖర్చు లేనిదీ 'ఓకోడే'. ఏప్రిల్‌లో ఒక ఆదివారం దేశమంతటా పదుల కొద్దీ ఆర్గానిక్ డెయిరీ ఫామ్‌లు జనానికి తలుపులు తెరుస్తాయి. 2005 నుంచి చేస్తున్నారు. చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవుల్ని మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్కసారిగా పచ్చిక మీదికి వదులుతారు. నియమం ప్రకారం అక్కడి ఆర్గానిక్ ఆవులు ఏప్రిల్ మధ్య నుంచి నవంబరు మొదటి దాకా, వాతావరణం అనుకూలిస్తే, రోజుకు కనీసం ఆరు గంటలు బయట మేయాలి.

మేం వెళ్లినచోట ఉన్నవి మనకు బాగా తెలిసిన జెర్సీ ఆవులే. చలిగాలి కోసేస్తోంది. వానకోట్లు తొడిగిన పిల్లలు తాడు పట్టుకుని బారుగా నిలబడ్డారు. పన్నెండుకి తలుపు తీశారు. మొదటి ఆవు గడప దగ్గరే ఆగిపోయింది. మూతి కిందికి వంచి గడ్డి వాసన చూసి, ఒక కాలు పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుంది. వెనకనుంచి తోపులాట. అంతే, ఒక్కసారి నేల కాలికి తగిలాక మూడు నాలుగు క్వింటాళ్ల జంతువు వెనక కాళ్లు రెండూ గాల్లోకి విసిరింది. తర్వాత అన్నీ అంతే. పొదుగులు ఊగిపోతూ, ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ పరుగులు. ఒక ముసలావు మాత్రం ఇవేవీ పట్టనట్టు గేటు పక్కనే తల దించి మేత మొదలుపెట్టింది. పది నిమిషాల్లో మిగతావీ దాని దారికే వచ్చాయి.

కొట్టం కూడా తిరగనిస్తారు. తాగడానికి పాలిస్తారు, చీజ్ ముక్కలు పెడతారు. అన్నీ పండగలా ఉండవు. దూడలు విడిగా చిన్న చిన్న తెల్లటి గూళ్లలో ఉన్నాయి. ఈనాక కొద్దిరోజుల్లోనే తల్లినుంచి వేరు చేసేస్తామని రైతు దాచకుండా చెప్పాడు. ఆర్గానిక్ అయినా అంతేనట.

ఆయనతో ఓ పావుగంట మాట్లాడటమే నాకు పెద్ద లాభం. ఇంగ్లీషు అందరికీ వస్తుంది, మొహమాటపడకండి. 2022లో ధరలు భగ్గుమన్నప్పుడు జనం ఆర్గానిక్ తగ్గించుకున్నారని, 13 శాతం దాకా వెళ్లిన వాటా అప్పుడే జారిందని చెప్పాడు. మామూలు పాలకే మంచి రేటు పలకడంతో కొందరు పాడి రైతులు వెనక్కి వెళ్లిపోయారు. ఆర్గానిక్ భూమి మూడు లక్షల హెక్టార్ల దగ్గర ఆగి కొద్దిగా తగ్గింది కూడా. 2030 కల్లా రెట్టింపు చేస్తామని ప్రభుత్వం అన్నది మాత్రం అలాగే ఉంది. పశువుల నుంచి వచ్చే ఉద్గారాల మీద 2030 నుంచి పన్ను వేయాలని 2024లో ఒప్పందం కుదిరింది, దాని టెన్షన్ ఆర్గానిక్ రైతుకీ ఉంది.

పేడ సంగతి అడిగితే నవ్వాడు. మనుషులకన్నా పందులు ఎన్నో రెట్లు పుట్టే దేశం అది, వాటిలో ఆర్గానిక్‌వి చాలా తక్కువ. ఆ మామూలు ఫామ్‌ల పేడనీళ్లను ఆర్గానిక్ పొలాల్లో కొంత మేరకు వాడుకోవచ్చు. ఆ వాడకం వదిలేస్తామని ఆర్గానిక్ రైతుల సంఘాలు ఎప్పుడో అనుకున్నా ఇంకా పూర్తిగా వదల్లేదు. మరి ఆర్గానిక్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆయన కుళాయి చూపించాడు. డెన్మార్క్‌లో తాగేదంతా భూగర్భజలమే, పెద్దగా శుద్ధి కూడా చేయరు. బోర్లలో పురుగుమందుల అవశేషాలు తేలడం అక్కడ ఓట్ల దాకా వెళ్లే విషయం.

స్వాన్‌హోమ్ చాలామంది పేరు విన్న చోటు. 1978లో కొందరు కలిసి పాత జమీందారీ ఎస్టేట్ కొనుక్కుని ఉమ్మడిగా ఉంటూ ఆర్గానిక్ సాగు చేస్తున్నారు. ఎస్-టోగ్ రైల్లో ఫ్రెడెరిక్‌సుండ్ దాకా వెళ్లి బస్సు మారాలి. చెట్లు, పొలాలు బాగున్నాయి, కానీ అది జనం కాపురముండే చోటు. ముందుగా అడగకుండా వెళితే బయటినుంచి చూసి రావడమే. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకే చెబుతాను.

సామ్సో దీవికి మాత్రం ఒక రాత్రి పెట్టుకోండి. కలుండ్‌బోర్గ్ దాకా రైలు, అక్కడనుంచి ఓడలో బాలెన్ రేవు. కరెంటుకి గాలిమరలు, ఇళ్ల వేడికి గడ్డి కాల్చే ప్లాంట్లు ఉన్న దీవి అది, కొత్త బంగాళాదుంపలకి పెట్టింది పేరు. ఏప్రిల్‌లో దుంప చేలన్నీ తెల్లటి పట్టాల కింద ఉన్నాయి. రోడ్డు పక్క మనిషిలేని బడ్డీలు, డబ్బు మొబైల్‌లో వేసి సరుకు తీసుకెళ్లేవి, చాలావరకు ఖాళీ. జూన్ దాటాక వెళితే వాటి అందం వేరు. సైకిల్ అద్దెకి తీసుకుని నోర్డ్‌బీ ఊరి దాకా తొక్కితే చాలు.

అక్కడ నేను దిగిన ఫామ్ స్టే గురించి ఒక మాట. పేరులోనే 'ఎకో' ఉంది, వెబ్‌సైట్ నిండా కోళ్ల బొమ్మలు. ఎర్ర ముద్ర ఎక్కడా లేదు. పొద్దున పెట్టిన గుడ్లు కూడా సూపర్‌మార్కెట్‌వే, అట్టపెట్టె వంటింట్లోనే కనపడింది. పైగా దుప్పట్లకి, తువ్వాళ్లకి విడిగా డబ్బు, వెళ్లేటప్పుడు గది శుభ్రం చేయకపోతే ఇంకో చార్జీ. చివరి రెండూ ఆ దేశంలో మామూలే, ముందే అడిగి మీ దుప్పటి మీరే తీసుకెళ్లడం ఉత్తమం. గుడ్ల సంగతి మామూలు కాదు. బుక్ చేసేముందు ముద్ర ఉందా అని ఒక మెయిల్ పెడితే సరిపోతుంది, ఉన్నవాళ్లు వెంటనే చెబుతారు.

బస్సులు, రైళ్లు, ఓడల సమయాలకి రైసెప్లానెన్ యాప్ ఒక్కటి చాలు, నాకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆదివారాలు పల్లె బస్సులు బాగా తగ్గిపోతాయి, కాబట్టి ఓకోడేకి వెళ్లేవాళ్లు స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఫామ్‌నే ఎంచుకోండి. ఫామ్‌ల జాబితా ముందే నెట్‌లో పెడతారు. బూట్లు బురదకి తట్టుకునేవి వేసుకుని, పదకొండున్నరకల్లా తాడు దగ్గర ఉండండి. పన్నెండుంబావుకి వెళితే మేస్తున్న ఆవులే కనపడతాయి.