రైలు పుట్టించిన ఊరా, రైలును రప్పించుకున్న ఊరా: ఏది మేలు?

అమెరికా పశ్చిమాన రైలు కంపెనీలే ఊళ్లు కట్టాయని చదివినవాళ్లు తరచూ అడిగేది ఇదే: కంపెనీ ముగ్గు పోసి నిలిపిన ఊరు బాగుపడిందా, ముందే ఉండి రైలును తనవైపు లాక్కున్న ఊరా? ఈ రెంటినీ తూచడానికి కంపెనీ నిలిపిన షయాన్, ముందే ఉన్న డెన్వర్ చాలు. మధ్య దూరం 170 కిలోమీటర్లే, కాలమూ ఒకటే.

షయాన్ చోటును 1867 జూలైలో ఎంచింది యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ చీఫ్ ఇంజనీర్ గ్రెన్‌విల్ డాడ్జ్. అక్కణ్నుంచి పడమరకు షెర్మన్ శిఖరం దాకా సుమారు 50 కిలోమీటర్లలో రెండు వేల అడుగులకు పైగా ఎక్కాలి. బరువైన బండికి ఒక్క ఇంజన్ చాలదు, బ్యాంకర్ (వెనక నుంచి తోసే అదనపు ఇంజన్) తగిలించాలి. ఆ ఇంజన్లకు షెడ్డు, నీళ్ల ట్యాంకు, బొగ్గు, ఫిట్టర్లు కొండ కిందే ఉండాలి. ఊరు అక్కడ పడింది అందుకే. నవంబర్ 13న పట్టాలు చేరేసరికే వేలమంది దిగారు. కంపెనీ 150 డాలర్లకు అమ్మిన స్థలాల ధర కొద్ది వారాల్లో వెయ్యి డాలర్లు దాటింది.

ఇలా కంపెనీ నిలిపిన ఊళ్లో వీధులు తిన్నగా ఉంటాయి, షెడ్డు జీతాలు నెలనెలా అందుతాయి. గుంతకల్లు, కాజీపేట చూసినవాళ్లకు ఇది తెలిసిందే. కానీ స్థలాల తొలి సొమ్ము కంపెనీది, షెడ్డు ఉంచాలా తీయాలా అన్న మాటా కంపెనీదే. పట్టాల పని ముందుకు సాగిపోయాక 1870 జనగణనలో షయాన్‌లో మిగిలింది 1,450 మంది. 1869లో వయోమింగ్ రాజధాని కావడం, ఆపైన పశువుల వ్యాపారం దాన్ని నిలబెట్టాయి. ఆ ఆసరా లేని డివిజన్ ఊళ్లు (ఇలా ఇంజన్ షెడ్డు మీదే బతికేవి) డీజిల్ వచ్చి నీళ్లకూ బొగ్గుకూ ఆగే పని పోగానే చిక్కిపోయాయి.

డెన్వర్ 1858 నాటి బంగారపు ఊరు. ఊరికి పడమటనున్న కొండదారులు మరీ నిటారు కావడంతో ప్రధాన లైను దాన్ని వదిలేసింది. 1860లో 4,749 మంది, 1870లో 4,759: పదేళ్లలో పెరిగింది పదిమందే. ఊరు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1868లో కౌంటీ ఓటర్లు 5 లక్షల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. షయాన్ దాకా సొంత లైను వేసుకుని 1870 జూన్‌లో మొదటి బండిని రప్పించుకున్నారు.

ఈ దారిలో నష్టమూ ఉంది. అంత కష్టపడి వేసుకున్న డెన్వర్ పసిఫిక్ 1880లో యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది. అయినా ఊరు చెడలేదు. ఎందుకంటే, నా లెక్కలో అసలు తేల్చేది ఒక్కటే: సరుకు దించిన వ్యాగన్ తిరుగుదారిలో ఏం నింపుకుపోతుంది? డెన్వర్ వెనక గనులున్నాయి. 1868లో బ్లాక్ హాక్‌లో మొదలైన నథానియల్ హిల్ కొలిమి (ఖనిజం కరిగించే కర్మాగారం), బంగారం, వెండి కలిసిన రాగి ముద్దను శుద్ధికి వేల్స్‌లోని స్వాన్సీ దాకా పంపేది. కొండల్లోకి పట్టాలు పడ్డాక, అన్ని గనుల ఖనిజమూ బొగ్గూ ఒకచోట కలిసేది డెన్వర్ దగ్గరే కనుక 1878-79లో ఆ కొలిమే డెన్వర్ పక్కన ఆర్గోకు దిగింది. తిరుగు లోడు ఉన్నచోటికి రెండో కంపెనీ, మూడో కంపెనీ వాటంతట అవే వస్తాయి. 1880లో డెన్వర్ 35,629, షయాన్ 3,456.

పట్టాల చివర వెలిసే గుడారాల ఊళ్లను ఈ పోటీలో లెక్కవేయనక్కర్లేదు. వయోమింగ్‌లోని బెంటన్ 1868లో మూడు నెలలు కూడా నిలవలేదు. దానికి సొంత నీళ్లే లేవు.

కాబట్టి నా ఓటు డెన్వర్ దారికే. ఇలాంటిదే మరో జంట ఉంది: 1873లో నార్తర్న్ పసిఫిక్ రైలు కంపెనీ తన చివరి స్టేషన్‌గా టకోమాను ఎంచి సియాటిల్‌ను పక్కన పెట్టింది. అయినా 1890 జనగణనలో టకోమా 36,006, సియాటిల్ 42,837: కంపెనీ ఎంచిన ఊరు కాదు, పక్కన పెట్టిన ఊరే పెద్దది.