పీటర్స్‌బర్గ్‌లో పాత పుస్తకాలు: చూసే టికెట్ వేరు, చదివే టికెట్ వేరు

ఓస్ట్రోమీర్ సువార్త చూద్దామని పీటర్స్‌బర్గ్ బయల్దేరేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి: దాన్ని మామూలుగా చూపించరు. 1056–57లో నొవ్‌గొరొద్ నగరాధికారి ఓస్ట్రోమీర్ కోసం గ్రిగోరి అనే డీకన్ (చర్చి సేవకుడు) చేత్తో రాసిన 294 చర్మపత్రాల గ్రంథం అది. రష్యా జాతీయ గ్రంథాలయం దాన్ని ప్రత్యేకమైన పెట్టెలో ఉంచి, ఎప్పుడో గాని బయటికి తీయదు. 1932లో దాని మీద ఒక దొంగ కన్ను పడింది. అతనికి కావలసింది రాళ్లు పొదిగిన అట్ట, లోపలి పుస్తకం కాదు. ఆ తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా తప్పులేదు. ఒళ్లు మండేదల్లా ‘అరుదైన గ్రంథాల దర్శనం’ అని ప్యాకేజీలో రాసి, డబ్బు తీసుకుని, మెట్లూ హాలూ చూపించి బస్సెక్కించే ఏజెంట్ల మీద. గ్రంథాలయం తానే గైడ్‌తో తిప్పి చూపిస్తుంది. అక్కడే నేరుగా అడిగి, ఏయే గదులో రాయించుకుని మరీ డబ్బు కట్టాలి.

అడగాల్సిన గదులు రెండు. మొదటిది ఫౌస్ట్ గది. 1501కి ముందు అచ్చయిన పుస్తకాల కోసం 1857లో మధ్యయుగపు మఠంలా కట్టారు. కమాను కప్పు, రంగుటద్దాలు, బరువైన బల్లలు, గొలుసుతో కట్టేసిన పుస్తకం. అలంకారమంతా పంతొమ్మిదో శతాబ్దానిదే గాని అల్మరాల్లో ఉన్నవి మాత్రం అసలు సరుకు, సుమారు 6,000.

రెండోది ఫ్రెంచ్ తత్వవేత్త వోల్టేర్ సొంత గ్రంథాలయం. అంత దూరం వెళ్లినందుకు ఫలితం దక్కేది ఇక్కడే. ఆయన పోయిన ఏడాదే, 1778లో, మేనకోడలి దగ్గర రాణి రెండో కేథరీన్ కొనేసింది. మొత్తం 6,814 సంపుటాలు. మరుసటి ఏడాది వోల్టేర్ కార్యదర్శి వాన్యేరే వెంట వచ్చి సర్దిపెట్టాడు. అంచుల్లో గీతలు, విసుర్లు, పుటల మధ్య చింపిన కాగితపు ముక్కలు... చదివినవాడి చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది. 1832లో పుష్కిన్ అంతటివాడికే వీటిని చూడటానికి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. అదే రాణి 1765లో మరో ఫ్రెంచ్ తత్వవేత్త దీద్రో పుస్తకాలు 15,000 లీవ్ర్‌లకు కొని, బతికున్నంతకాలం నీ దగ్గరే ఉంచుకోమంది. తీరా అవి రష్యా చేరాక మిగతా పుస్తకాల్లో కలిసి చెదిరిపోయాయి. కొనడం కన్నా విడిగా ఉంచడం కష్టమని వోల్టేర్ గదిలో నిలబడితేనే తెలుస్తుంది.

పుస్తకాల మీద ఆసక్తిలేని తోడుంటే ఈ గంటన్నర వాళ్లని ఎదుటి కేథరీన్ విగ్రహం తోటలో కూర్చోబెట్టడం నయం. లోపలికొస్తే పావుగంటకోసారి వాచీ చూస్తారు, మనసు మన పుస్తకం మీద నిలవనివ్వరు.

చదవడం వేరే కథ. రీడర్ కార్డుకి పాస్‌పోర్టు, వీసా, రిజిస్ట్రేషన్ కాగితం (ఎక్కడ బస చేశారో నమోదు చేసినది) దగ్గరుండాలి. రిజిస్ట్రేషన్ హోటలే చేస్తుంది. చవగ్గా వస్తుందని ప్రైవేటు అపార్ట్‌మెంట్ తీసుకుంటే కొందరు యజమానులు తాళాలిచ్చాక ఆ మాటే ఎత్తరు. బుక్ చేసేముందే ఒప్పించుకోవాలి. కోటూ సంచీ కింద గార్డెరోబ్‌లో ఇచ్చేసి, గేటు దగ్గర కంట్రోల్ చీటీ తీసుకోవాలి. పుస్తకం తిరిగిచ్చాక దాని మీద ముద్ర పడాలి, లేకపోతే బయటికి పోనివ్వరు. ఆ చీటీ పోగొట్టుకుంటే సాయంత్రమంతా దానికే సరి.

రాతప్రతుల విభాగానికి కార్డొక్కటే చాలదు. సంస్థ లెటర్‌హెడ్ మీద, రష్యన్‌లో, డైరెక్టర్ పేరిట, సంతకం, గుండ్రటి ముద్రతో ఉత్తరం కావాలి. ఎక్కువమంది బోల్తాపడేది విషయం దగ్గర. ‘పరిశోధన నిమిత్తం’ అని ఊరుకుంటే పని జరగదు. ఏ గ్రంథం, ఏ కాలం, ఏ తేదీల్లో పని అన్నది రాయాలి, ఎందుకంటే ఆ వాక్యాన్ని బట్టే ఏవి ఇవ్వాలో తేలుస్తారు. అడిగే చీటీలో ఫోండ్ (సేకరణ), ఓపిస్ (జాబితా), యెదినీత్స (విడి ప్రతి) అని మూడు అంకెలు నింపాలి. పెన్ను లోపలికి రాదు, పెన్సిలే. మైక్రోఫిల్మ్ ఉంటే అదే చేతిలో పెడతారు. అసలు ప్రతి ఎందుకు కావాలో (సిరా, నీటిగుర్తు, కుట్టు) ఉత్తరంలోనే కారణం చెప్పినవాడికి కాస్త ఆశ ఉంటుంది. నెలాఖరున ఒకరోజు శుభ్రతా దినమని మూసేస్తారు, ఆ తేదీ చూసుకోకుండా టికెట్ కొనకూడదు.

పాత అచ్చు పుస్తకం చేతికొచ్చాక తడబడేది సంవత్సరం దగ్గర. తొలినాటి రష్యన్ ముద్రకుడు ఇవాన్ ఫ్యోదొరోవ్ అచ్చువేసిన ‘అపోస్తల్’ (అపొస్తలుల కార్యాలు, పత్రికలు) చివర సంవత్సరానికి ఉన్నవి మూడే అక్షరాలు. అప్పట్లో అక్షరాలనే అంకెలుగా వాడేవాళ్లు. వేల గుర్తు తగిలించిన జెమ్ల్యా 7,000, ఓ 70, వే 2, అంటే 7072. సృష్టి నుంచి లెక్క కాబట్టి 5508 తీసేస్తే 1564. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న తేదీ అయితే 5509 తీసేయాలి, వాళ్ల ఏడాది సెప్టెంబరులో మొదలయ్యేది మరి. పీటర్ చక్రవర్తి 1700 నుంచి ఈ లెక్క మార్చాడు.

చాలా పుస్తకాలు మాస్కోవ్‌స్కీ ప్రాస్పెక్ట్, 165లోని కొత్త భవనంలో ఉంటాయి. నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ స్టేషన్ నుంచి నీలం లైన్లో ఆరో స్టాపు, పార్క్ పొబేదీ. బస నెవ్‌స్కీ దగ్గరే మేలు. క్యాంటీన్లో శాకాహారులకు గ్రేచ్కా (ఉడికించిన బక్‌వీట్ గింజలు), బ్రెడ్డు, కంపోత్ (పండ్లు ఉడికించిన పానీయం). ‘మాంసం లేకుండా’ అంటే బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్‌లో ముక్కలు తీసి పోస్తారు, రసం మాంసానిదే. ఈ-వీసాకి 52 డాలర్ల దాకా అవుతుంది. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ గీసినా పనిచేయవు. మడతల్లేని కొత్త డాలర్ నోట్లు పట్టుకెళ్లి బ్యాంకులో మార్చుకోవాలి.

మాస్కోలో దిగేవాళ్లు రష్యా స్టేట్ లైబ్రరీలో అడగాల్సింది గూటెన్‌బర్గ్ బైబిల్ కాదు. 1945లో జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి తెచ్చినది కావడంతో దాని తగాదా ఇంకా తెగలేదు. తెలుగువాళ్లు అడగాల్సింది సోవియట్ కాలంలో తెలుగులో వేసిన ప్రగతి, రాదుగ ప్రచురణలు. సోవియట్ దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి అక్కడికి చేరాలన్నది నియమం. కేటలాగులో తెలుగు లిపిలో వెతికితే ఏమీ రాదు. రష్యన్ అక్షరాల్లో ‘నా యాజ్. తెలుగు’ (‘తెలుగు భాషలో’ అని అర్థం) అని కొట్టి, పక్కన రష్యన్ రచయిత పేరు పెట్టాలి.