ఏసీ కొంటున్నారా? డబ్బా మీద డెసిబెల్స్ అంకె చూసి మోసపోకండి, అది అవుట్‌డోర్ యూనిట్‌ది కాదు

ఈ ఎండలకి ఏసీ కొందామనుకుంటున్న వాళ్లు ముందు ఇది చదవండి. మేం ఏప్రిల్‌లో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాం. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. మాకు చెప్పిన మాటే మీకు ఇంకో షాపులో, ఇంకో కంపెనీ గురించి చెప్పొచ్చు కాబట్టి పేరు కంటే జరిగింది తెలియడం ముఖ్యం.

మాది విజయవాడలో పాత డాబా ఇల్లు. మాకూ పక్కింటికీ మధ్య మూడడుగుల సందు. అమ్మానాన్నల గది కిటికీ ఆ సందులోకే ఉంటుంది, దానికి సరిగ్గా ఎదురుగా పక్కింటి మామ్మగారి కిటికీ. నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి కాస్త అలికిడైనా మెలకువ వచ్చేస్తుంది, అందుకే షోరూమ్‌లో ధర కంటే ముందు చప్పుడు గురించే అడిగాను. సేల్స్ అబ్బాయి డబ్బా మీద ‘22 డెసిబెల్స్’ అని ఉన్నది వేలు పెట్టి చూపించి, ‘చీమ నడిచినంత చప్పుడు కూడా ఉండదు సార్’ అన్నాడు. నమ్మేశాం.

ఆ 22 గదిలో పెట్టే ఇండోర్ యూనిట్‌ది. అది కూడా ఫ్యాన్‌ని అన్నిటికంటే తక్కువ స్పీడులో పెట్టినప్పుడు. బయట పెట్టే అవుట్‌డోర్ యూనిట్ ఈ సైజులో మామూలుగానే 50 దాటుతుంది. డెసిబెల్స్ లెక్క మామూలు లెక్క కాదు, పది పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. అంటే 22కీ 52కీ తేడా ఎనిమిది రెట్లు! ఇదేదీ నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిట్టింగ్ వాళ్లు వచ్చిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఏసీతో వచ్చిన కాపర్ పైపు మూడు మీటర్లే, అది ఎక్కడిదాకా అందితే అక్కడ స్టాండ్ కొట్టేశారు, అంటే అమ్మానాన్నల గది గోడకి, సందులోకి. ఆ రాత్రి ఏసీ గదిలో మేం హాయిగా పడుకున్నాం. తెల్లారి చూస్తే నాన్న హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, రాత్రంతా అక్కడేనట. రెండో రాత్రి నేను వాళ్ల గదిలో పడుకున్నాను. చెవికి వినబడే బుయ్యిమనే మోత ఒక ఎత్తు, గోడలోంచి వచ్చే ఒణుకు ఇంకో ఎత్తు. గోడకి అరచెయ్యి ఆనిస్తే జివ్వుమంటోంది, గూట్లో పెట్టిన మంచినీళ్ల చెంబు మీద స్టీలు మూత సన్నగా గలగలమంటూనే ఉంది, తీసి కింద పెట్టేదాకా ఆగలేదు. మూడో రోజు మామ్మగారు పిలిచి, ‘బాబూ, నాకు నిద్ర లేదురా’ అన్నారు. ఆవిడ ముందు తలెత్తలేకపోయాను.

కంప్లైంట్ పెడితే టెక్నీషియన్ పట్టపగలు పదకొండింటికి వచ్చాడు. వీధిలో ఆటోల మోతలో ఐదు నిమిషాలు నడిపి చూసి, ‘కూలింగ్ బాగుంది, సౌండ్ నార్మలే’ అని రాసి కంప్లైంట్ మూసేశాడు. షాపు వాళ్లు ఒకసారి ఫిట్ చేశాక వెనక్కి తీసుకోం అన్నారు. చప్పుడు గురించి బిల్లు మీద ఒక్క మాట లేదు కదా, ఏం పట్టుకుని అడగను?

తర్వాత తెలిసిన మెకానిక్ వచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. యూనిట్ కాళ్ల కింద రబ్బరు ముక్కలే వేయలేదు, ఒక బోల్టు వదులుగా ఉంది, పైపు కిటికీ గ్రిల్‌కి తగులుతోంది. అవన్నీ సరిచేస్తే గోడ ఒణుకు చాలావరకు పోయింది. ఫ్యాన్ మోత మాత్రం తగ్గలేదు. ఇరుకు సందులో మోత రెండు గోడలకీ కొట్టుకుని తిరిగొస్తుంది, వదిలిన వేడిగాలి కూడా బయటికి పోలేక మళ్లీ యూనిట్‌లోకే పోతుంది, దాంతో ఫ్యాను, కంప్రెసర్ రెండూ ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిరుగుతాయి. అపార్టుమెంట్లలో డక్టులో (గాలి కోసం మధ్యలో వదిలే ఇరుకు ఖాళీలో) పెట్టేవాళ్లకీ ఇదే గతి, అక్కడ ఇంకా పై ఫ్లాట్లకి కూడా వినిపిస్తుంది.

స్టార్ లేబుల్ ఉంది కదా అనుకోకండి, అందులో కరెంటు ఖర్చు లెక్కలే ఉంటాయి, మోత సంగతి ఉండదు. యూరప్‌లో అయితే లేబుల్ మీదే అవుట్‌డోర్ మోత విడిగా వేయాలి, ఈ సైజు యూనిట్లకి సౌండ్ పవర్ (మిషన్ మొత్తంగా వదిలే మోత) 65 డెసిబెల్స్ దాటకూడదని రూలు కూడా ఉంది. మన దగ్గర మనమే అడగాలి. కేటలాగ్ తెప్పించి ‘అవుట్‌డోర్’ అన్న వరస చూడండి. ఆ అంకె సౌండ్ ప్రెషరా (కొంత దూరంలో వినిపించే మోత), సౌండ్ పవరా అన్నది కూడా కనుక్కోండి, ఎందుకంటే ఒకే మిషన్‌కి ప్రెషర్ అంకె తక్కువ కనిపిస్తుంది, ఒక కంపెనీది అదీ ఇంకో కంపెనీది ఇదీ పెట్టి పోలిస్తే తప్పుదారి పడతారు. చెప్పిన అంకెని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ షాపు వదిలేయండి. గది సైజుకి చిన్న ఏసీ కొన్నా అది రాత్రంతా గస పెడుతూనే ఉంటుంది, అక్కడ కక్కుర్తి పడొద్దు.

పక్కింటి వాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా హద్దు 45 డెసిబెల్స్. వాళ్ల కిటికీ ముందు పెట్టి మనం నిద్రపోవడం న్యాయం కూడా కాదు.

మేం చివరికి యూనిట్‌ని డాబా మీదికి మార్పించాం. అదనపు పైపు, గ్యాస్, కూలీ కలిపి ఏడు వేలు దాటింది. మొదటి రోజే చోటు చూసుకుని ఉంటే పైపు ఖర్చుతో పోయేది. ఎండ తగలకుండా పైన చిన్న రేకు వేయించాం, పక్కలన్నీ గాలి ఆడేలా వదిలేశాం.

కొన్నవాళ్లు ఇప్పటికే ఇరుక్కుని ఉంటే, రాత్రి పదకొండు తర్వాత వీడియో తీసి పెట్టుకుని, టెక్నీషియన్ ‘నార్మల్’ అని రాసిన కాగితం జాగ్రత్త చేసి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇంకా కొననివాళ్లు ఫిట్టింగ్ రోజు సెలవు పెట్టుకోండి. స్టాండ్ ఏ గోడకో మీరే చూపించి, కాళ్ల కింద రబ్బరు వేశారో లేదో వంగి చూసి, ఆ గోడకి అవతలి గదిలో తలుపేసుకుని పది నిమిషాలు కూర్చున్నాకే వాళ్ల కాగితం మీద సంతకం పెట్టండి.